తుపాను రాత్రి ఏ సెట్టు పట్టుకోవాలో, ఏ ఛానల్ వినాలో చెప్పండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రకాశం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాల కలెక్టర్లకు, ఉభయ జిల్లాల పోలీసు సూపరింటెండెంట్లకు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ అధికారులకు, కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే విభాగం వారికి

అయ్యా, అమ్మా,

కొత్తపట్నం, ఈతముక్కల, పాకల, రామాయపట్నం, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు చుట్టుపక్కల పల్లెపాలేలలో తుపాను సమయాన జనాన్ని ఇళ్ల నుండి తరలించడానికి, పడవలను ఒడ్డుకు లాగడానికి, షెల్టర్లలో అన్నం వండి పెట్టడానికి ముందుకు వచ్చే యువకుల తరఫున ఈ లేఖ రాస్తున్నాము. ఆ రోజుల్లో మీ సిబ్బంది రాత్రింబగళ్లు పడే శ్రమను కళ్లారా చూసినవాళ్లం కనుక దానిపై మాకు ఏ ఫిర్యాదూ లేదు. కరెంటు పోయి సెల్ టవర్లు పనిచేయని గంటల్లో మీ కంట్రోల్ రూమ్‌కు తెలిసిన విషయం మా ఊరికి చేరే మార్గం లేకపోవడం, ఆ మార్గాన్ని వాకీటాకీలతో సొంతంగా వెతుక్కోబోయిన మా పిల్లలు తెలియకుండానే చట్టానికి అడ్డం పడుతుండడం మా బాధ.

దీనిపై సోమవారం అర్జీల కార్యక్రమంలో వినతిపత్రం ఇచ్చాము. అది ఒక కార్యాలయం నుండి మరో కార్యాలయానికి తిరిగి, చివరకు ‘ఇది మా పరిధిలోనిది కాదు’ అన్న ఒక్క వాక్యంతో, పరిష్కారమైనట్లుగా నమోదై ముగిసిపోయింది. ఈలోగా మా కుర్రవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వాకీటాకీలను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. వారు చట్టం చెప్పినట్లే చేశారు, దానిని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ సెట్లు ఎందుకు కొనకూడదో చెప్పినవారు, వాటి బదులు ఏవి కొనవచ్చో చెప్పలేదు. అడిగిన ప్రతిచోటా ‘మాకు తెలియదు’ అన్న మాటే వినిపించింది. అందుకే ఈ విషయాన్ని అందరి ముందు పెట్టవలసి వచ్చింది.

ఈ తీరానికి సమాచారం ఎంత అవసరమో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ రెండు జిల్లాల తీరాన్నీ తాకింది. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య జలాశయం కట్ట తెగి, సోమశిల నిండి, పెన్నా పొంగినప్పుడు కోవూరు, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగిపోయింది, రైలు కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మా తీరం వెంబడే ఉత్తరానికి కదిలింది. ఇలాంటి వేళల్లో ఊరివాళ్లు అడిగే ప్రశ్నలు చాలా చిన్నవి. కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారు? ఏ దారి తెగింది, ఏ దారిలో లారీ వెళుతుంది? ఏ షెల్టరులో చోటుంది? వేటకు వెళ్లి రాని పడవ ఎక్కడైనా కనిపించిందా? వీటికి జవాబులు మీ వైర్‌లెస్ సెట్లలో నడుస్తూనే ఉంటాయి. ఊరి చివర మసక వెలుతురులో నిలబడిన మనిషికి మాత్రం అవి వినిపించవు. అత్యవసర సహాయ నంబర్లైన 112కు గానీ, 1070, 1077లకు గానీ ఫోను చేయాలంటే ముందు ఫోనుకు సిగ్నల్ ఉండాలి. సెల్ బ్రాడ్‌కాస్ట్ ద్వారా పంపే హెచ్చరిక మంచి ఏర్పాటే, కానీ అదీ టవరు బతికి ఉన్నంతసేపే.

కాబట్టి యువకులు వాకీటాకీల వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు. అయితే సెట్టు ఎంచుకోవడం దగ్గరే వాళ్లు దెబ్బ తింటున్నారు. ఇక్కడ కొంత వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే నిర్ణయం తీసుకునే స్థానంలో ఉన్నవారికి కూడా ఈ చిక్కు పూర్తిగా తెలియదని మాకు అనిపించింది.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేల రూపాయలకు దొరికే చైనా సెట్టు మీద 136 నుండి 174 మెగాహెర్ట్జ్ వరకు, 400 నుండి 520 మెగాహెర్ట్జ్ వరకు అని, 5 వాట్లు అని, 128 ఛానళ్లు అని రాసి ఉంటుంది. అన్నీ వినిపిస్తాయన్న ఆశతో కుర్రవాడు దాన్నే కొంటాడు. ఆ పరిధిలో పోలీసు, రేవు, నౌకాయానం, హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచితో నడిపే రేడియో), ప్రైవేటు సంస్థలు అన్నీ ఉన్నాయి, వాటిలో దాదాపు ప్రతిదానికీ అనుమతి కావాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం మొదలుకొని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాకా, లైసెన్సు గానీ మినహాయింపు గానీ లేని వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. ఇతరుల సందేశాలను అనుమతి లేకుండా మధ్యలో పట్టుకోవడం ఇంకా పెద్ద నేరం. ఈ మాటలు అమ్మే పేజీ మీద తెలుగులో ఎక్కడా కనిపించవు.

పోనీ అమెరికా కోసం తయారైన సెట్టు కొంటే, దాని పెట్టె మీద ‘వెదర్ ఛానళ్లు’ అని గొప్పగా రాసి ఉంటుంది. అవి 162 మెగాహెర్ట్జ్ దగ్గర అమెరికా వాతావరణ శాఖ నడిపే ప్రసారాలు. మన దేశంలో అటువంటి ప్రసారం లేదు. తుపాను రాత్రి ఆ మీట నొక్కినవాడికి బుసబుస తప్ప ఏమీ వినపడదు. అవే సెట్లు మాట్లాడుకోవడానికి వాడే 462, 467 మెగాహెర్ట్జ్ ఛానళ్లకు అక్కడ మినహాయింపు ఉండవచ్చు, ఇక్కడ లేదు. ఇక శాఖలు డిజిటల్ పద్ధతికి మారిన చోట పాత అనలాగ్ సెట్టులో గరగర శబ్దమే వస్తుంది, సంకేత రక్షణ (బయటివారికి అర్థం కాకుండా మాటను మార్చే ఏర్పాటు) పెట్టిన చోట ఎంత ఖరీదైన డిజిటల్ సెట్టయినా మూగదే. అంటే చట్టాన్ని పక్కన పెట్టినా, అత్యవసర సేవలను వినడానికని కొన్న సెట్టు ఆ పని చేస్తుందన్న భరోసా కూడా లేదు.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. ఈ సెట్లలో వినడంతో పాటు మాట్లాడే మీట కూడా ఉంటుంది. ఒక ఛానల్‌లో ఒకసారి ఒకరే మాట్లాడగలరు. అనలాగ్ ఎఫ్‌ఎం పద్ధతిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని మింగేస్తుంది. రెస్క్యూ బృందం పక్కనే నిలబడిన కుర్రవాడు ఆత్రంలో మీట నొక్కితే, దూరాన నీళ్ల మధ్య చిక్కుకున్న సిబ్బంది మాట ఆ బృందానికి వినిపించకుండా పోవచ్చు. సాయం చేయాలనుకున్న పిల్లవాడి చేతిలోనే అది జరుగుతుంది. ఇది ఆపవలసిందే. కేవలం సెట్లు లాక్కుంటే ఆగదు, ఎందుకంటే తుపాను ప్రతి ఏడూ వస్తుంది, కొత్త కుర్రవాళ్లు ప్రతి ఏడూ కొంటారు.

పోలీసు దర్యాప్తు మాటలు, 108 వాహనంలో ఉన్న రోగి వివరాలు ఊరందరూ వినాలని మేము అడగడం లేదు. అవి గోప్యంగానే ఉండాలి. కానీ వరద నీరు ఎక్కడి దాకా వచ్చిందన్నది రహస్యం కాదు. ఆ రెంటినీ విడదీసి, వినదగినది వినే ఏర్పాటు చేయడం మీ చేతుల్లో ఉంది. ఈ దృష్టితోనే కింది కోరికలు మీ ముందు ఉంచుతున్నాము.

1. ప్రతి జిల్లాకు ప్రజలు చట్టబద్ధంగా వినగల ఒక హెచ్చరిక ఛానల్ కేటాయించండి. తుపాను హెచ్చరిక వెలువడినప్పటి నుండి ముప్పు తొలగే దాకా, కంట్రోల్ రూమ్ నుండి అరగంటకొకసారి తెలుగులో, నిదానంగా, రెండుసార్లు చదివి వినిపించండి: రేవు హెచ్చరిక నంబరు, సోమశిల నుండి, గుండ్లకమ్మ నుండి వదులుతున్న నీరు, తెగిన దారులు, తెరిచిన షెల్టర్లు, తిరిగి రాని పడవలు. సంకేత రక్షణ లేని మామూలు అనలాగ్ ఎఫ్‌ఎంలో ఉంటే అతి చవకైన రిసీవరులో కూడా వినిపిస్తుంది. ప్రజలకు వినే హక్కు మాత్రమే ఉండాలి, మాట్లాడే మీట పని చేయకుండా బిగించిన సెట్లనే అనుమతించాలి. ఆ కేటాయింపుకు కేంద్ర శాఖ అనుమతి కావాలని మాకు తెలుసు. అది గ్రామస్థుల దరఖాస్తుతో వచ్చేది కాదు, జిల్లా యంత్రాంగం రాస్తేనే కదులుతుంది. ఈ ఒక్క ఏర్పాటు జరిగితే పోలీసు ఛానల్ వినాలన్న కోరిక సగానికి సగం దానంతటదే పోతుందని మా నమ్మకం.

2. ఏ సెట్టు కొనవచ్చో, ఏది కొనకూడదో తెలుగులో ఒకే ఒక్క పేజీ ముద్రించి ప్రతి గ్రామ సచివాలయంలో, చేపల రేవులో, షెల్టరు గోడ మీద అంటించండి. అందులో ఉండవలసినవి ఇవి. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు లైసెన్సు అక్కరలేదు, అయినా ఆ మోడల్‌కు ప్రభుత్వ పరికర ఆమోదం ఉండి తీరాలి. ఆమోదం ఉందో లేదో కొనేవాడు ఎలా చూసుకోవాలో రాయండి. ఆ సెట్టుతో అత్యవసర సేవల మాటలు వినపడవని, షెల్టరుకూ వీధికీ మధ్య, ఒడ్డుకూ ఊరికీ మధ్య మాట్లాడుకోవడానికే అది పనికివస్తుందని దాచకుండా చెప్పండి. ‘25 కిలోమీటర్లు పలుకుతుంది’ అన్న ప్రకటనలను నమ్మవద్దనీ చెప్పండి. చదునైన తీరంలో నిలబడిన మనిషి చేతిలోని యాంటెన్నాకు రేడియో దిగంతం, అంటే తరంగాలు నేరుగా చేరగల హద్దు, సుమారు 5 కిలోమీటర్లే, మధ్యలో ఇళ్లు, సరుగుడు తోటలు ఉంటే అదీ ఉండదు. వాట్లు పెంచినంత మాత్రాన ఆ హద్దు మారదు, యాంటెన్నా ఎత్తు పెరిగితేనే మారుతుంది. నీళ్లలో పడినా పాడుకాని ఐపీ67 రక్షణ, కరెంటు లేనప్పుడు దుకాణంలో దొరికే పెన్సిల్ బ్యాటరీలతోనూ నడిచే వీలు, చీకట్లో తడిచేతితో నొక్కగల పెద్ద మీటలు, ఇవి ఛానళ్ల సంఖ్య కంటే ముఖ్యమన్న సలహా కూడా జతచేయండి. మా వాళ్లు ఛానళ్లు లెక్కపెట్టి కొంటున్నారు.

3. ఇప్పటికే తెలియక కొన్నవారికి కొంత గడువు ఇచ్చి, కేసు భయం లేకుండా సెట్లు అప్పగించే వీలు కల్పించండి. భయపడినవాడు సెట్టును అటక మీద దాస్తాడు, తుపాను రాత్రే మళ్లీ బయటకు తీస్తాడు.

4. వేటకు వెళ్లే పడవల విషయం వేరుగా చూడండి. సముద్రం మీద ఆపద పిలుపుకు ప్రపంచమంతా వాడే వీహెచ్‌ఎఫ్ ఛానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, మా పడవలకూ ప్రాణాధారమే. ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరం, ఇటీవల కేంద్రం ఇస్తున్న ట్రాన్స్‌పాండర్లు మేలైనవి, వాటిని మేము స్వాగతిస్తున్నాము. అవి ఉపగ్రహం ద్వారా దూరాన ఉన్న కేంద్రానికి కబురు చేరుస్తాయి. పక్క పడవకు మాత్రం గొంతు వినిపించాలి, ఎందుకంటే మొదట చేరుకునేది పక్క పడవే. మరబోట్లకు ఆమోదం పొందిన మెరైన్ వీహెచ్‌ఎఫ్ సెట్లు రాయితీ మీద ఇప్పించండి, వాటి లైసెన్సు కాగితాలను మత్స్యశాఖ ద్వారానే పూర్తి చేయించండి, ఒడ్డున ఛానల్ 16ను వినే మనిషి ఇరవైనాలుగు గంటలూ ఉండేలా తీర గస్తీ దళంతోనూ మెరైన్ పోలీసులతోనూ మాట్లాడండి. శిక్షణకు సమయం ఎక్కడిదన్న ప్రశ్న రాదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, ఆ రోజుల్లో మరబోట్లవాళ్లంతా ఒడ్డునే ఉంటారు.

5. ఊరికి కనీసం ఇద్దరు లైసెన్సు పొందిన హామ్ రేడియో ఆపరేటర్లు తయారయ్యేలా చూడండి. చట్టం తెరిచి ఉంచిన దారి ఇదే. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయవచ్చు, మొదటి స్థాయికి మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా రానక్కరలేదు. 144 నుండి 146 మెగాహెర్ట్జ్ మధ్య తమ పేరున కేటాయించిన సంకేతంతో గౌరవంగా మాట్లాడవచ్చు. 1993 లాతూర్ భూకంపంలో, 2001 భుజ్ భూకంపంలో హామ్‌లు పనిచేశారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో అప్పటికే ఉన్న భారతి ప్రసాద్ గారి బృందం, మిగతా మార్గాలు తెగిపోయిన వేళ అండమాన్ కబుర్లను బయటి ప్రపంచానికి అందించింది. హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, వారిని పిలిపించి శిక్షణ ఇప్పించవచ్చు. ఒంగోలు, కావలి, నెల్లూరు ఇంజనీరింగ్ కళాశాలల్లో క్లబ్ స్టేషన్లు పెట్టించండి. పరీక్షను ఒంగోలులోనో నెల్లూరులోనో పెట్టించండి. కూలి చేసుకునే ఇంటి పిల్లవాడు పరీక్ష కోసం చెన్నై, హైదరాబాదు వెళ్లి రావాలంటే ప్రయాణ ఖర్చే వాడిని వెనక్కి లాగుతుంది. దరఖాస్తు తరువాత పోలీసు విచారణ నెలల తరబడి నిలిచిపోకుండా చూడడం ఎస్పీ గారి చేతిలోని పని.

6. తుపాను షెల్టర్ల మీద యాంటెన్నా స్తంభాలు నిలపండి. 30 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు రేడియో దిగంతం 22 కిలోమీటర్లు దాటుతుంది. అటువంటివి తీరం పొడవునా కొన్ని ఉంటే మధ్యలో ఏ పల్లెపాలెమూ మిగలదు. స్తంభంతో పాటు సోలార్ పలక, బ్యాటరీ, వాటిని మూడు నెలలకొకసారి పరీక్షించే బాధ్యత పేరుతో సహా రాసి పెట్టాలి. బాధ్యుడి పేరు లేని పరికరానికి రెండో ఏడాదికే బ్యాటరీ పోతుంది.

7. సెట్టు కొనలేనివారిని మరవకండి. ఈ లేఖలో మా మనసుకు అన్నిటికంటే దగ్గరి మాట ఇది. కండలేరు పాయల వెంట, బకింగ్‌హాం కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాలు, రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా పడుకునే కూలీలు, ఇసకపల్లి ఉప్పు కొఠార్లలో పనిచేసేవారు ఊరి మైకుకు కూడా అందనంత దూరంలో ఉంటారు. గుంట యజమాని పట్నంలో ఉంటాడు, కాపలా మనిషి గుంట మీద ఉంటాడు. మొదటి కోరికలో చెప్పిన ఛానల్‌ను వినే చిన్న రిసీవర్లను ఈ కాపలా గుడిసెలకు, కాలువగట్టు పేటలకు ఉచితంగా ఇవ్వండి. రొయ్యల సాగుకు అనుమతి ఇచ్చేటప్పుడే కాపలా మనిషి దగ్గర పనిచేసే రిసీవరు ఉండాలన్న షరతు పెట్టండి. ఖర్చు పెద్దది కాదు, మాట్లాడే భాగం లేని రిసీవరు సెట్టుకంటే చవక.

8. అక్రమ సెట్ల అమ్మకాన్ని అమ్మేచోటే ఆపండి. ఆన్‌లైన్ వేదికలలో వాకీటాకీల అమ్మకంపై వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో అక్కరలేదో అమ్మేవాడే చెప్పాలన్నది దాని సారం. అది అమలు కాని చోట శిక్ష కొన్న కుర్రవాడికే పడుతున్నది. స్థానిక దుకాణాలనూ ఈ కళ్లతోనే చూడండి.

9. సెల్ టవర్లకు తుపాను ముందే డీజిలు నింపించడం, బ్యాటరీలు తనిఖీ చేయించడం ఎప్పటినుండో అడుగుతున్నదే. మళ్లీ అడుగుతున్నాము.

వీటిలో కొన్ని మీ సంతకంతోనే అయ్యేవి, కొన్నింటికి ఢిల్లీ నుండి అనుమతి రావాలి. రెండు, మూడు, ఐదు, తొమ్మిది కోరికల్లో ఎక్కువ భాగానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, వాటిని ఈ ఈశాన్య రుతుపవనాల ముందే మొదలుపెట్టవచ్చు. మొదటి, నాలుగో, ఆరో కోరికల విషయంలో మీరు కేంద్రానికి పంపే లేఖ ప్రతిని మాకు ఇస్తే, ఆ తరువాత మా పార్లమెంటు సభ్యుల వెంట మేమే తిరుగుతాము. ఏది మీ పరిధిలో లేదో, అది ఎవరి పరిధిలో ఉందో కూడా అదే జవాబులో రాయండి. గతసారి వచ్చిన ఒక్క వాక్యపు జవాబులో మాకు లోటైనది అదే.

ఉభయ జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు, మత్స్యశాఖ, కేంద్ర వైర్‌లెస్ విభాగం ప్రతినిధులు ఒకేచోట కూర్చునే సమావేశాన్ని సెప్టెంబరు నెలాఖరులోగా ఒంగోలులోనో నెల్లూరులోనో ఏర్పాటు చేయాలని, దానికి పల్లెపాలేల నుండి, యానాది కాలనీల నుండి, రొయ్యల రైతుల నుండి మనుషులను పిలవాలని కోరుతున్నాము. స్వాధీనం చేసుకున్న సెట్ల యజమానులు కూడా వస్తారు. వాటిని ఎందుకు కొన్నారో వాళ్ల నోటితోనే వినండి. తేదీ తెలియజేస్తే ప్రతి ఊరి నుండి ఎవరు వస్తారో పేర్లు ముందుగానే పంపుతాము.

ఇట్లు,
కొత్తపట్నం నుండి మైపాడు వరకు తీర గ్రామాల తుపాను స్వచ్ఛంద సేవకుల తరఫున